పోగు తెగితే ఆగాలె

ముందుగాల ఒక మాట మన్నించుండ్రి. నా రాతలో తప్పులుంటయి. ఒత్తు పెట్టాల్సిన కాడ పెట్టను, దీర్ఘం తియ్యాల్సిన కాడ తియ్యను, సదివెటోల్లే సరిచేసుకోవాలె. మెల్లగ రాస్త, ఒక్క పేజీకి ఒక పొద్దు పడుతది. ఇంటాయన పోయినంక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చెయ్యి ఇంక సాపు కాలేదు. ఇది నా ముచ్చటనే, గని ‘ఆమె’ అని రాస్తున్న. అట్ల రాస్తే రోడ్డు అవతల నిలబడి చూసినట్టు అన్నీ మంచిగ కనవడుతున్నయి.

కోరుట్ల నుంచి జగిత్యాలకు పొయ్యే బస్సు మేడిపల్లి ఇంకా రాకముందే ఆగింది. డ్రైవరు ఇంజను బంద్ చేసి, ఇప్పట్ల కదిలేది లేదన్నట్టు స్టీరింగు మీద తల పెట్టుకున్నడు. ముందు లారీలు, లారీల ముందు ట్రాక్టర్లు, ట్రాక్టర్ల ముందు నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. వంటావార్పు. తెలంగాణ కొట్లాట నడుస్తున్న ఆ రోజుల్లో ఊరూరోల్లు వంటింటిని రోడ్డు మీదికి తెచ్చిండ్రు, అక్కడనే వండి, అక్కడనే తిని, మా రాష్ట్రం మాకియ్యుండ్రి అని అడిగిండ్రు. సరోజనకు కోపం రాలేదు. మొన్న జగిత్యాలలో ఆమె కూడ అట్లనే పప్పు కలియబెట్టింది. ఇంజను ఆగంగనే చెవులు గుయ్యిమన్నయి. సిరిసిల్లలో కరెంటు పోయినప్పుడు ఇట్లనే అయ్యేది. అక్కడ కరెంటు మగ్గాలను సాంచాలంటరు, వాడ వాడంత సాంచాలు ఒక్కసారి ఆగితే ఆ నిమ్మళమే పెద్ద చప్పుడు లెక్క ఉండేది, ఊయెలల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచేటోల్లు. ఆమె బిడ్డ స్వర్ణలత అట్లనే లేచేది, సాంచ నడిస్తే నిద్ర, ఆగితే ఏడుపు. ఇప్పుడు ఆ స్వర్ణలతనే పక్క సీట్ల ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకొని, కింది పెదవిని పండ్లతోని పట్టుకొని కూసున్నది. బస్సు ఆగిందన్న సోయి కూడ లేదు. తెగిన పోగు వెతికేటప్పుడు వాళ్ల బాపు భూమయ్య కూడ అట్లనే పెదవి పట్టేటోడు. ముక్కు తన పోలిక, పెదవి ఆయన పోలిక అనుకున్నది సరోజన. ఆ పెదవి అట్ల ఉన్నదంటే పోగు దొరుకుతది. దొరకకుండ పోయింది ఎన్నడు లేదు. గని ఇయ్యాల దొరకడానికి పొద్దు ఎంతో లేదు, అది ఒక్కటే గుబులు.

పొద్దున కోరుట్లలో చంద్రవ్వ నవ్వుకుంట చెప్పిన మాట చెవుల్లోంచి పోతలేదు. చంద్రవ్వది మల్లాపూర్, కంట్లో పొర వచ్చి మనుషులు మబ్బు మబ్బుగ కనవడుతున్నరు. జగిత్యాలలో ఒక ధర్మసంస్థ ఉన్నది, వాళ్లు కోరుట్లలో, సిరిసిల్లలో కంటి పరీక్షలు పెట్టి, పొర ఉన్నోల్లను జగిత్యాలకు పిలిచి ఆపరేషన్ చేపిస్తరు. పరీక్షలకాడ కంప్యూటర్‌లో కొట్టిన వివరాలన్ని ఫైళ్లై జగిత్యాలకు వస్తయి, డాక్టరు తెర మీద చూసి సూది ఇస్తడు. ఆ తెర వెనుక పని స్వర్ణలత చేసే చిన్న ఆఫీసుది. రేపు పొద్దుగాలనే ఆపరేషన్లు. కోరుట్లలో కంప్యూటర్ ఎట్ల నడుస్తుందో ఒకసారి చూసొద్దామని బిడ్డ పోతుంటే తోడు ఉంటదని సరోజన కూడ పోయింది. బెంచీ మీద చంద్రవ్వ పక్కన కూసొని ఆమె కోడండ్ల ముచ్చట వింటుంటే, స్వర్ణలత లాప్‌టాప్ ముందర పెట్టుకొని, అవ్వా నీ వివరాలు చూస్తున్న, ఏ మందు పడకపోవుడు లేదు కదా, తెర మీద లేదు అనే ఉన్నది అన్నది. చంద్రవ్వ బోసినోటితోని నవ్వింది.

"లేకేంది బిడ్డా. పోయిన యేడు సూది ఏస్తే గొంతు మూసుకపోయి సచ్చి బతికిన. నన్ను ఎవలడిగిండ్రు?"

ఆ మాటతోని స్వర్ణలత మొకం తెల్లబోయింది. అక్కడ వివరాలు కొట్టే పిల్లను అడిగితే, అవును, ఆమె వివరాలు కొడుతుంటే కరెంటు పోయింది, మళ్ల వచ్చినంక ఏ ప్రశ్న మిగిలిందో చూడలేదు అన్నది. ప్రశ్ననే అడగలేదు. మరి జవాబు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు చెప్పకుండనే తెర మీద ‘లేదు’ అని ఎట్ల పడ్డది? చంద్రవ్వ నవ్వుకుంట చెప్పింది గనుక తెలిసింది. చెప్పనోల్లు ఇంకెందరున్నరో. బస్సెక్కంగనే స్వర్ణలత ఆఫీసుకు ఫోన్ చేసింది. రాకేశ్ ఎత్తిండు, ఆమెకు పని ఇప్పించినోడు, మంచోడే, కొడుకు లెక్క ఇంటికొచ్చి చాయ తాగి పోతడు. చంద్రవ్వ ఒక్కదాని వివరం సరిచేస్త గని మిగతాదంత మంచిగనే ఉన్నది అన్నడట. ఆ ప్రశ్న పక్కకు రిక్వైర్డ్ అని రాసిపెట్టినం కద, అంటే తప్పనిసరి, అది లేకుంటే ఫైలు లోపలికే రాదు, ముసలామె మాట పట్టుకొని రేపటి పని ఆపమంటవా అన్నడట. కోపంతోని కాదు, తమాషగ. ఎందుకు అట్ల అయితుందో చూపెట్టు, అప్పుడు ఆపుదాం అన్నడు. అందుకే ఈ పెదవి పట్టుడు.

ఆ పని ఏందో సరోజనకు కొంత తెలుసు. ఉల్లిగడ్డలు కోసుకుంట ఒకనాడు అడిగితే బిడ్డ చెప్పింది. ఎక్సెమ్మెల్ అంటే అన్నిటిని మూట కట్టి పంపుడు అవ్వా, ‘పేరు’ అని గుర్తు తెరుస్తం, లోపల పేరు పెడుతం, మళ్ల ‘పేరు’ అని గుర్తు మూస్తం, వయసు అట్లనే, ఊరు అట్లనే. జావా, అంటే మేము రాసే కంప్యూటర్ భాష, ఆ మూటలను విప్పి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఆబ్జెక్ట్ చేస్తది, ఆబ్జెక్ట్ అంటే నీ పోపుల డబ్బ అనుకో, ఆవాలకు ఒక గిన్నె, జీలకరకు ఒక గిన్నె, ఏది దేంట్ల పడాలెనో దాంట్లనే పడుతది. సరోజనకు ఆ మాట నచ్చింది. సిరిసిల్లలో తను పుట్టిన వాడకట్టు మొత్తం ఒక పోపుల డబ్బనే, ఎవరి గిన్నె ఎక్కడో అందరికి తెలుసు. మరి ఆవాలు రాకపోతే అని ఆనాడే అడిగింది. బిడ్డ నవ్వి, ఆవాలు తప్పనిసరి అని గిన్నె మీద రాసి పెడుతం అవ్వా అన్నది. అప్పుడు ఇద్దరికి అది సాలనిపించింది. గిన్నె మీద రాసి పెడితే ఆవాలు వస్తయా, ఇప్పుడు అనిపిస్తున్నది, చీటీ అంటిస్తే సంచీ నిండుతదా. వెనుక సీట్ల కొండగట్టుకు పొయ్యే ముసలాయన, పొద్దు గుంకేదాక దేవుడు ఆగడు అని సణుగుతున్నడు. పక్కాయన, ఆంజనేయుడు లంకకు పోయి వచ్చేదాక రాముడే ఆగిండు, నీకేం తొందర అన్నడు. బస్సంత నవ్విండ్రు. స్వర్ణలత నవ్వలేదు, ఉన్నట్టుండి తల ఎత్తింది.

"అవ్వా, బాపు సాంచకు తీగె ఊడగొట్టేటోడు, యాదికున్నదా?"

యాదికి లేకపోవుడేంది. కొత్త సాంచాలు వచ్చినప్పుడు వాటికి పిన్నులు వచ్చినయి. పడుగులో పోగు పోగుకు ఒక సన్నటి రేకు పిన్ను వేలాడుతుంటది, పోగు బిగువుగ ఉన్నంతసేపు అది పైననే ఉంటది, పోగు తెగిందా, పిన్ను జారి కిందున్న కరెంటు తీగెకు తగులుతది, సాంచ టక్కున ఆగుతది. మంచి ఉపాయం. గని పాత నూలు, తెగుడు తెగుడే, ఆగుడు ఆగుడే, పొద్దంత ఆగుకుంట పోతే బట్ట ఎప్పుడు దిగాలె? అందుకని షెడ్డులో సగంమంది తీగెను ఊడగొట్టిండ్రు. పిన్నులు మాత్రం అట్లనే వేలాడేటియి, వరుసకు వరుస, మెరుసుకుంట, చూసెటోల్లకు అన్ని ఉన్నట్టే. భూమయ్య కూడ ఊడగొట్టిండు. నేను చూస్త కద అన్నడు, నిజంగనే చూసేటోడు, నాలుగు సాంచాల నడుమ బొంగరం లెక్క తిరిగేటోడు. ఒకనాడు మూలకున్న సాంచ మీద అంచుకు జానెడు లోపల పోగు తెగింది, కనవడలే. బట్ట తాను పొడుగునా వెంట్రుక మందం సందు, దీపానికి పెడితే తెల్లటి గీత. ఆ తాను పట్టుకొని, బట్ట కొనే సేటు గుమ్మంకాడ నిలబడ్డడు. భూమయ్య ఊరుకుంటడా, పిన్నులున్నయి కద సేటూ అన్నడు. సేటు పిన్నులను వేలుతోని ఆడించి, పిన్నులున్నయి గని తీగె ఏది భూమయ్య అన్నడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకుంట భూమయ్యనే పడి పడి నవ్విండు. ఆ తాను వాపస్ వచ్చింది, దాంతోని సరోజన కిటికీలకు తెరలు కుట్టింది. పొద్దెక్కితే ఆ సందులోంచి ఎండ గీత లెక్క పడి గోడ మీద నడిచేది. స్వర్ణలత ఆ గీతను చేతులతోని పట్టుకుంట పెరిగింది. అదే ఇప్పుడు యాదికొచ్చి ఉంటది.

"పిన్నులున్నయి అవ్వా," అన్నది స్వర్ణలత, మెల్లగ. "తీగె లేదు."

చెప్పుకుంటనే వేళ్లు నడుస్తున్నయి. సరోజనకు సగం అర్థమయింది, సగం వేళ్లను చూసి అర్థం చేసుకున్నది. రిక్వైర్డ్ అని గిన్నె మీద రాసుడు ఉత్త రాత, జావా విప్పేటప్పుడు దాన్ని చదువను కూడ చదువది. ఏది రావాలె ఏది రాకున్న నడుస్తది అని కట్టుబాట్లన్ని రాసిన ఫైలు వేరే ఉంటది, దాన్ని స్కీమా అంటరు, విప్పేదానికి ఆ స్కీమాను తగిలిస్తెనే అది ఒక్కొక్క మూటను పట్టి చూస్తది. తగిలించకపోతే వచ్చినకాడికి గిన్నెల్ల పోసి, రానిదాన్ని గురించి నోరు మెదపది. ఇంకో మాయ ఉన్నది. పడని మందు ఉన్నదా లేదా అనే గిన్నె రెండే మాటలు పట్టే గిన్నె, ఉన్నది, లేదు. దాంట్ల ఏమి పడకపోతే దానంతటదే ‘లేదు’ అని ఉంటది. ఎవరు అడగనోల్లది, అడిగినా చెప్పనోల్లది, నిజంగ లేనోల్లది, అందరిది ఒక్కటే ‘లేదు’. ఇగో చూడు అని బిడ్డ తెర చూపెట్టింది, ఇంగ్లీషు అక్షరాలు, సరోజనకు రావు, గని ఒక వరుస ముందర రెండు వాలు గీతలున్నయి, ఆ వరుస మిగతా వాటికన్న వెలిసిపోయి ఉన్నది. ఇది స్కీమాను తగిలించే వరుస అవ్వా, ముందర గీతలు పెడితే జావా ఆ వరుసను దాటేసి పోతది, ఎవరో అట్ల పండుకోబెట్టిండ్రు. సరోజన ఆ వెలిసిన వరుసను చూసింది. ఊడగొట్టిన తీగె కూడ అట్లనే ఉండేది, సాంచ కాలుకు చుట్టి, దుమ్ము పట్టి.

దొరికింది. దొరుకుతదని ఆమెకు ముందే తెలుసు. గని చూపెట్టాలె, చూపెట్టేదాక రాకేశ్ నమ్మడు, నమ్మాల్సిన పని కూడ లేదు, పోగు ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపెట్టినోల్లదే మాట. ఆ ప్రశ్న లేని ఫైలు ఒకటి చేసి, తీగె లేకుండ ఒకసారి, తీగె పెట్టి ఒకసారి నడిపితే తేలిపోతది అన్నది స్వర్ణలత, అంతల్నే నోరు తెరిచి ఆగిపోయింది. లాప్‌టాప్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది. సరోజన కొంగు నడుముకు చెక్కుకొని బస్సు దిగింది. పొయ్యిలకాడ పొగకు కండ్లు మండుతున్నయి, చెట్టు కింద ఆటో మీద మైకు సెట్టు, దాని పక్కన చిన్న జనరేటరు దడదడలాడుతున్నది. ఆ చప్పుడు వినంగనే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది, చప్పుడు ఉన్నకాడ కరెంటు ఉంటది, సిరిసిల్లల పుట్టినదానికి అది ఒకరు చెప్పాల్నా. గంటె పట్టుకున్న ఆమెను పేరడిగింది, ఎల్లవ్వ అన్నది. ఎల్లక్కా, మా బిడ్డ కంప్యూటర్‌కు జరంత కరెంటు కావాలె, రేపటి కండ్ల ఆపరేషన్ల పని అని చెప్పింది. ఎల్లవ్వ గంటె ఆపకుండనే ఎగాదిగా చూసింది.

"రోడ్డు మీద మనుషులకు వండుడే సాలదా, ఇగ మిషిన్లకు కూడ వడ్డియ్యాల్నా?" అని నవ్వి, మైకు పిలగాన్ని కేకేసింది. "అరేయ్, ఆ ఉపన్యాసం జర ఆపు, నీ గొంతుకు కూడ పుణ్యముంటది."

స్వర్ణలత ఆటో పక్కన బండ మీద కూసొని చార్జింగ్ వైరు పెట్టుకున్నది. ఎల్లవ్వ ఇద్దరికి విస్తరి వేసి అన్నం పప్పు పెట్టింది, తినుడు కాదంటే ఊకోలేదు, కొట్లాట అన్నం వద్దనొద్దు చెల్లె అన్నది. సరోజన తినుకుంట కూసున్నది, జనరేటరు చప్పుడు గుండెకు తగులుతున్నది, ఆ చప్పుడులోంచి దవాఖాన వరండ లేచి వచ్చింది. భూమయ్య దగ్గుకుంట దగ్గుకుంట బల్ల మీద, నూలు దుమ్ము రొమ్ముల పేరుకపోయి. ఒకాయన అట్ట పట్టుకొని వచ్చి, ఇదివరకు ఏమన్న జబ్బులున్నయా అని అడిగిండు. అడిగింది ఆమెననో గోడనో తెల్వది, ఆమె నోరు తెరిచేలోపల రాసుడు అయిపోయింది, ముందటి బల్లకాడికి పోయిండు. ఏం రాసిండో అప్పుడు సదువరాలేదు. అది రాస్తే, రాయకపోతే, భూమయ్య బతుకునా బతుకకపోవునా అంటే ఎవరు చెప్పలేరు, రొమ్ము మొత్తం పాడైందని తర్వాత డాక్టరే చెప్పిండు. దాని మీద ఆమెకు ఏడుపు లేదు ఇప్పుడు. గని ఆ మనిషి ఆగలేదు. అడిగినంక ఒక్క ఊపిరంత సేపు ఆగాలె. ఆగుడే అడుగుడు. పెద్దల బడిలో సుశీల టీచర్ పలక మీద మొదాలు పేరు రాయించింది, సరోజనకు ‘జ’ కాడ చెయ్యి ఆగిపోయేది, సుశీల టీచర్ మిగతా ఆడోల్ల పలకలు పక్కకు పెట్టి, ఆమె ‘జ’ అయ్యేదాక ఆమె చెయ్యినే చూసుకుంట నిలబడేది, తొందరపెట్టేది కాదు. అప్పుడు సరోజనకు ఒక సంగతి తెలిసింది, తన పేరు కోసం ఒక మనిషి ఆగింది అని. అక్షరాల కన్న ముందుగాల నేర్చుకున్నది అదే.

అవ్వా చూడు అన్నది స్వర్ణలత. తీగె లేకుండ నడిపింది, ప్రశ్న లేని ఫైలు సప్పుడు చెయ్యకుండ లోపలికి పోయింది, గిన్నెల ‘లేదు’ అని పడ్డది. ఆ రెండు గీతలు తీసి, స్కీమాను తగిలించి మళ్ల నడిపింది. తెర నిండ ఎర్రటి అక్షరాలు. ఇక్కడ ఫలానాది రావాలె, రాలేదు అని అంటున్నదట. సాంచ ఆగింది. ఎర్రటి అక్షరాలను చూసి అంత సంబురపడే మనుషులను సరోజన ఎన్నడు చూడలేదు, ఎల్లవ్వ కూడ వంగి చూసి, గిది మంచిదా చెడ్డదా అని అడిగింది. మంచిదే అక్కా, ఆగుడు నేర్చుకున్నది అన్నది సరోజన. రేపు వచ్చే ఫైళ్లన్నిటికి ఇదే తీగె అన్నది స్వర్ణలత, తర్వాత గిన్నెను కూడ మారుస్త, మూడో మాట పట్టాలె దాంట్ల, ‘తెల్వది’ అని.

రాకేశ్‌కు ఫోన్ కలిసింది. స్వర్ణలత ఒక్కొక్కటే చెప్పింది, ఏ వరుస, ఏ ఫైలు, ఏం నడిపితే ఏమయిందో. ఆ వరుసను పండుకోబెట్టింది నేనే అన్నడు రాకేశ్. సిరిసిల్లలో మొదటి క్యాంపునాడు సగం ఫైళ్లు వాపస్ వచ్చినయి, ముసలోల్లు ఎండల లైన్ల నిలబడ్డరు, ఆ ఒక్కనాటికి తీసి మళ్ల పెడుదామనుకున్నడు, పెట్టలేదు. మీ బాపు చేసిన పనే చేసిండు అని సరోజన మనసులో అనుకున్నది, చెడ్డ బుద్ధితోని కాదు, బట్ట దిగాలెనని. గని రాకేశ్ ఇంకోటి అడిగిండు, అది నిజమైన అడుగుడే. ఇప్పుడు తీగె తగిలిస్తే ఫైళ్లు ఆగిపోతయి. సిరిసిల్ల దిక్కు కోనరావుపేట నుంచి మనుషులు కోడి కూయంగనే బయలెల్లుతరు. వాళ్లను దవాఖాన గేటు కాడినుంచే వాపస్ పంపుదామా?

"ఆగేది ఫైలు, రాకేశన్నా. మనిషి కాదు," అన్నది స్వర్ణలత. "ఆగినోల్ల పేర్లు తీసి ఇస్త. గేటుకాడ కూసొని అడుగుదాం, రాసుకుందాం, మళ్ల లోపలికి కొడుదాం."

ఎవరు కూసుంటరు అన్నడు రాకేశ్, ఉన్న నలుగురం లోపలి పనులకే సాలం. సరోజన విస్తరి మడిచింది. తన చెయ్యి చూసుకున్నది, పసుపు, పప్పు, నూలు కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్లు, ‘జ’ కాడ ఇంకా ఆగే వేళ్లు. మెల్లగ రాస్తది. లైన్ల నిలబడ్డోల్లు తిడుతరు. తిట్టనీ.

"నేను కూసుంట," అన్నది.

పొయ్యిలు ఆర్పి రోడ్డు విడిచిండ్రు. బస్సు కదిలింది, వెనుక సీటు ముసలాయన కొండగట్టు దిక్కు చేతులు మొక్కిండు. స్వర్ణలత పెదవి విడిచింది, తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, ఇంజను చప్పుడు ఉన్నది కద, ఇగ నిద్రకేం కొదువ.

తెల్లారి గేటుకాడ కుర్చీ వేసిండ్రు. ఒక్కొక్కరినే అడిగింది సరోజన, ఏ మందన్న, ఏ సూదన్న నీకు పడకపోవుడు ఉన్నదా అని. అడిగి ఆగింది. కొందరు వెంటనే లేదన్నరు. కొందరు తెల్వదన్నరు, తెల్వదనే రాసింది. కోనరావుపేట నుంచి వచ్చిన ఒకాయన, లేదు అని రెండడుగులు పోయి, నిలబడి, ఏదో యాదికొచ్చి వెనుకకు వచ్చిండు, చిన్నప్పుడు ఒక గోలి మింగితే మొకం వాచింది అన్నడు. ఆమె ఆగకపోతే ఆయన వచ్చేటోడు కాదు. వెనుక లైన్ల నుంచి, అవ్వా జర జల్ది రాయరాదూ, పొద్దెక్కుతున్నది అన్నరు. చంద్రవ్వ కొడుకు చెయ్యి పట్టుకొని ముందరికి వచ్చి, గొంతు గుర్తుపట్టి నవ్వింది, ఓ నువ్వా, కోరుట్లల చెప్పిన కద అన్నది. చెప్పినవ్, గని మళ్ల చెప్పు అన్నది సరోజన, నేను రాసుకోవాలె. చంద్రవ్వ మళ్ల మొదటినుంచి చెప్పింది, సూది, గొంతు మూసుకపోవుడు, అంత. సరోజన కలం గట్టిగ పట్టి, అక్షరం అక్షరం కూడబెట్టి, ఉన్నది అని రాసింది. ఆ సూది కాకుండ వేరేది ఇచ్చి మధ్యాహ్నానికి చంద్రవ్వకు ఆపరేషన్ చేసిండ్రు. పట్టీ విప్పిన నాడు ఆమె సరోజన మొకం చూసి, గొంతు విని ఎంత పెద్దమనిషివో అనుకున్న, నా ఈడుదానివి కావు అన్నది.

రాసుడు అయిపోయింది. రాసినోల్లు ఎవరో చెప్పకుండ విడిచిపెడితే నా బిడ్డ ఊకోదు, అన్ని గిన్నెలు నింపాలె అంటది.

పేరు సరోజన. వయసు అరవై మూడేండ్లు. ఉండేది జగిత్యాల.